తెరమీద సముద్రం

ఆఫీసు మీటింగులో ప్రొజెక్టరు వేడెక్కి దుమ్ము కాలిన వాసన వస్తే, నాకు మంగినపూడి దగ్గరి మా బడి గుర్తొస్తుంది.

నేను మూడో తరగతిలో ఉండగా బడికి ప్రొజెక్టరు వచ్చింది. టీచరుగారు కిటికీలకు దుప్పట్లు కట్టించి, గోడకు తెల్ల పంచె బిగించారు. దానిమీద సముద్రం కదిలింది. నాన్న ఆ తెల్లవారుజామునే చేపల వేటకు వెళ్లాడు. తెరమీద కనిపిస్తున్నది అప్పటికప్పుడు మా సముద్రమే అనుకున్నాను.

"టీచర్‌గారూ, కొంచెం దక్షిణానికి తిప్పండి. మా నాన్న వల అక్కడే వేస్తాడు," అన్నాను.

క్లాసులో ఒక్కరూ నవ్వలేదు. అందరి నాన్నలూ వేటలోనే ఉన్నారు మరి.

"మా మావయ్య పడవ కూడా చూపించండి," అన్నాడు వెనక బెంచీవాడు.

అది ఎప్పుడో తీసిన వీడియో అని టీచరుగారు ఎంత చెప్పినా మాకు నమ్మకం కుదరలేదు.

సాయంత్రం నాన్న ఒడ్డున వల దులుపుతుంటే అడిగాను. "బళ్లో తెరమీద సముద్రం చూపించారు, నీకోసం చూశాను నాన్నా. కనపడలేదేం?"

నాన్న వల దులపడం ఆపలేదు. "చెయ్యి ఊపుతూనే ఉన్నానమ్మా. రేపు ఇంకాస్త ఎత్తుగా ఊపుతాలే."

ఇప్పుడు ఒడ్డు దగ్గరికొచ్చి సిగ్నల్ అందగానే నాన్న పడవలోంచి వీడియో కాల్ చేస్తాడు. ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, రెండో చెయ్యి ఎత్తుగా ఊపుతూ.