పసుపు పట్టిన తాళం

1979 మార్చి 11, ఆదివారం, తిరుపతి. హాజరైనవారు: నేను, మా ఆవిడ, రేణిగుంట నుంచి వచ్చిన మా బామ్మర్ది, పక్కింటి పెద్దామె. పెద్దామెను ఎవరూ పిలవలేదు. స్క్రూడ్రైవరు ఆమెది కాబట్టి దాని వెంట తానూ వచ్చి మా అరుగు మీద కూర్చుంది.

డైరీలో ఆనాటి పేజీలో ఇంతే ఉంది. మిగిలింది గుర్తున్నంత వరకు రాస్తున్నాను.

మా వీధి తలుపుకు తాళం చెక్కలోనే అమర్చి ఉండేది. అంతకుముందున్న గొళ్లేన్ని పీకించి, మద్రాసు నుంచి తెప్పించి దాన్ని పెట్టించింది నేనే. బయటికి ఒక ఇత్తడి రేకు, దాని మధ్యలో తాళంచెవి పట్టే రంధ్రం తప్ప ఇంకేమీ కనబడదు. వచ్చినవాళ్లందరికీ దాని గొప్ప చెప్పేవాణ్ని. కొన్నేళ్లు బాగానే పనిచేసింది. తర్వాత మొరాయించసాగింది. తాళంచెవి సగం తిరిగి ఆగిపోయేది. ఒకసారి ఇద్దరం కాణిపాకం వెళ్లి వచ్చి, పొద్దుగూకే దాకా సొంత ఇంటి ముందే నిలబడ్డాం. అప్పటి నుంచి ఒకరు ఊరికి వెళితే ఒకరు ఇంట్లో ఉండాలని నియమం. నియమం పెట్టింది నేను. ఉండిపోయేది మాత్రం ప్రతిసారీ ఆమే.

మరునాడు నగరిలో ఆమె అక్క కూతురి నిశ్చితార్థం. ఆ పిల్ల చిన్నప్పుడు చాలాకాలం మా ఇంట్లోనే, ఈమె చేతి ముద్దలు తిని పెరిగింది. తీసుకుపోవడానికి తమ్ముడు ముందురోజే వచ్చాడు. మా ఆవిడ పట్టుచీర తీసి మంచం మీద పెట్టింది గాని సంచిలో సర్దలేదు. తాళం సంగతి తేలాక సర్దుతానని తమ్ముడితో అందట.

తాళాలు బాగుచేసేవాణ్ని పిలుచుకొస్తానని బామ్మర్ది అన్నాడు. నేను వద్దన్నాను. పద్ధతిగా విప్పితే మనకు రాని పని ఉండదని చెప్పి, వరండాలో పాత పేపరు పరిచాను. తీసిన ప్రతి స్క్రూనూ తీసిన వరసలోనే పెట్టి, పక్కన పెన్సిలుతో అంకె వేస్తూ వచ్చాను. బామ్మర్ది ఆవలించాడు. పెద్దామె తాళాన్ని చూడటం మానేసి నన్ను చూడసాగింది.

"ఇంత సేపట్లో ఆచారి కొత్త తలుపే సేసి ఇచ్చి ఉండునే అప్పా," అంది.

నేను ఆఖరి స్క్రూకు కూడా అంకె వేశాను. మూత తీశాను. తీయడంతోనే లోపల్నుంచి చిన్న స్ప్రింగు ఒకటి ఎగిరి పెద్దామె ఒళ్లో పడింది. దానికి ఏ అంకె వేయాలో నాకు తోచలేదు. ఈలోగా బామ్మర్ది లోపలికి తొంగిచూశాడు. ఇనుమే కనబడలేదు. అంతా పచ్చటి ముద్ద, అంచుల్లో పెచ్చులు కట్టి ఉంది. వేలితో కొంచెం తీసి వాసన చూశాడు.

"అక్కా, ఇది పసుపు."

ప్రతి శుక్రవారం గడపకు పసుపు రాసి బొట్లు పెట్టాక, తాళానికి కూడా పసుపు కుంకుమలు పెట్టడం మా ఆవిడ అలవాటు. ఇంటిని కాచేది అదే కదా అనేది. రేకు మధ్యలో పెట్టేది కాబట్టి బొట్టు సరిగ్గా రంధ్రం మీదే పడేది. తప్పు ఎవరిదో తేలినందుకు నాకు కొంత తృప్తి కలిగింది. భక్తికీ యంత్రానికీ కొంచెం ఎడం ఉండాలని ఆమెకు నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాను.

బామ్మర్ది మళ్లీ వాసన చూశాడు. "బావా, నువ్వుల నూనె వాసన గూడా వస్తాండాది."

నేను చెప్పడం ఆపాను. శనివారం తలంటుకున్నాక గిన్నెలో మిగిలిన నూనె నాలుగు చుక్కలు తాళంలో పోయడం నా అలవాటు. ఇనుప సామానుకు వారం వారం నూనె పడాలని నా పద్ధతి.

మా ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "నేను శుక్రవారం పొడి పెడితే, మీరు శనివారం నూనె పోసి కలిపినారు. ఇంత ఒద్దికగా ఇంకే పనీ సేయలేదు మనం."

"నగరిలో పెండ్లికూతురికి పెట్టాల్సిన నలుగు," అంది పెద్దామె, "ఈడ తాళానికి పెట్టినారు."

కిరసనాయిలుతో కడిగాం. అంకెల ప్రకారం అన్నీ బిగించాను. తాళంచెవి వెన్నలో దిగినట్టు తిరిగింది. బామ్మర్ది తిప్పాడు, మా ఆవిడ తిప్పింది, పెద్దామె కూడా లేచివచ్చి తిప్పింది. తిరిగి కూర్చోబోతూ చీర కుచ్చిళ్లలో చిక్కుకున్న స్ప్రింగు తీసి నా చేతిలో పెట్టింది.

"ఇది తాళందా, నీ పెన్నుదా బావా?" అన్నాడు బామ్మర్ది. అది అదనంగా పెట్టి ఉంటారని చెప్పి జేబులో వేసుకున్నాను. మా ఆవిడ ఒకసారి నా జేబు వైపు చూసి, లోపలికి వెళ్లి చీర సంచిలో సర్దుకుంది.

మరునాడు సోమవారం. తెల్లవారకముందే ఆమె లేచి వంటింట్లో ఏదో చేస్తోంది. బయల్దేరేటప్పుడు తాళానికి జానెడు పైన, చెక్క మీద బొట్టు పెట్టింది. తాళం తానే వేసింది. ముగ్గురం బస్టాండు వైపు నడిచాం. వీధి మలుపులో నా చెయ్యి జేబులోని స్ప్రింగుకు తగిలింది. అది లేకుండా అంత తేలిగ్గా తిరిగే తాళం, ఊళ్లో ప్రతి తాళంచెవికీ తిరుగుతుందేమో అనిపించింది. నాలుగడుగులు వేసి ఆగిపోయాను. మీరు వెళ్లిరండి, పిల్లను నేను దీవించానని చెప్పండి అన్నాను.

బామ్మర్ది పకపకా నవ్వాడు. ఆమె మాత్రం కారణం అడగలేదు. కొంగుముడి విప్పి తాళంచెవి నా చేతికిచ్చి, తమ్ముడితో చకచకా బస్సు వైపు నడిచింది.

ఇంటికి వచ్చాను. తలుపు మొదటిసారికే తెరుచుకుంది. వంటింట్లో మూతపెట్టిన గిన్నెలో అన్నం, పక్కన పప్పు, పెరుగు, చిన్న పళ్లెంలో ఊరగాయ బద్ద ఉన్నాయి. సరిగ్గా ఒక మనిషికి.