బూజు పట్టిన పల్లికాయ బస్తా

వేవిళ్లలో అందరికీ చింతకాయ మీద మనసవుతుందట. ఏడేళ్ల కిందట గోపాల్‌పేటలో, మా పాప కడుపులో ఉన్నప్పుడు, నాకు మాత్రం ముక్కిపోయిన వాసన మీద మనసైంది. వానకు తడిసి బూజు పట్టిన పల్లికాయ బస్తా ఒకటి కొట్టంలో ఉండేది. అత్తమ్మ చేనుకు పోగానే దాని మూతి విప్పి, ముఖం లోపల పెట్టి గుండెనిండా పీల్చేదాన్ని.

ఏడో నెలలో జ్వరం పట్టింది. దగ్గితే నెత్తురు పడింది. వనపర్తి దవాఖానలో ఆక్సిజన్ పెట్టారు. కళ్లె పరీక్ష చేయించిన డాక్టరమ్మ, ఊపిరితిత్తుల్లోకి బూజు చేరిందని చెప్పి, "ఇంట్లో బూజు పట్టినవేమైనా ఉన్నాయా?" అని అడిగింది. అత్తమ్మ పక్కనే ఉంది. సిగ్గుతో చచ్చిపోతూ అంతా చెప్పాను.

అత్తమ్మ తల వంచుకుంది. "నీ మొగడు కడుపుల ఉన్నప్పుడు నేను గూడ గట్లనే బూజు వాసన సూసిన బిడ్డా. నిన్ను ముందే అడిగితే గిట్ల కాకపోవు."

నెలన్నర సూదులు వేశాక నేనూ, కడుపులోని పాపా గట్టెక్కాం. అప్పటినుంచి అత్తమ్మ ప్రతి బస్తా తనే విప్పి, ఎండబోసి, బూజు లేదని చూసుకున్నాకే "ఇగ రా బిడ్డా" అని పిలిచేది.

ఇప్పుడామె లేదు. మొన్న పల్లికాయ ఇంటికొచ్చినప్పుడు, ఆ పిలుపు కోసం కొట్టం గుమ్మంలోనే చాలాసేపు నిలబడ్డాను.