డబ్బింగ్ గొంతు, తల్లిపాలు

రిటైరయ్యే నాటికి నా హోదా లాక్టేషన్ కన్సల్టెంట్. అంతకుముందు చాలా ఏళ్లు ప్రసూతి వార్డుల్లో స్టాఫ్ నర్సుగా, తర్వాత వార్డు ఇన్‌ఛార్జిగా చేశాను. పరీక్ష రాసి ఈ కొత్త హోదా తెచ్చుకున్నాక నన్ను కోడంబాక్కం రైల్వేస్టేషనుకు దగ్గర్లోని ఒక ప్రసూతి ఆసుపత్రిలో వేశారు. ఇప్పుడు చెప్పబోయేది నేను రిటైరవడానికి మూడేళ్ల ముందు, మద్రాసులో వానలు పట్టే తమిళుల ఐప్పసి నెలలో జరిగింది.

బిడ్డకు పాలివ్వడం నేర్పడానికి కూడా ఒక ఉద్యోగమా అని చాలామంది నవ్వేవారు. మా మరిదైతే, "మా వదిన జీతం పుచ్చుకుని తల్లులకు తల్లితనం నేర్పుతుంది" అని చుట్టాలందరి ముందూ ఆటపట్టించేవాడు. ఆయన భార్యకు కాన్పయిన మూడో రోజున ఆసుపత్రి నుంచి నాకు మొదట ఫోన్ చేసింది ఆయనే. ఆ తర్వాత ఆ హాస్యం మళ్లీ వినబడలేదు.

నా పని నాలుగు మాటల్లో చెప్పొచ్చు: చూడటం, తూచడం, చేసి చూపించడం, డాక్టరుకు చెప్పడం. మందు చీటీ రాసే అధికారం నాకు లేదు. పిల్లల డాక్టరు పంపిన తల్లిని కూర్చోబెట్టి, బిడ్డ నోరు ఎంత తెరుస్తోందో, గడ్డం రొమ్ముకు ఆనుతోందో లేదో, గుటక వినబడుతోందో లేదో చూస్తాను. పాలు తాగకముందు ఒకసారి, తాగాక అవే బట్టలతో ఇంకోసారి బిడ్డను తూస్తాను. ఆ తేడాయే కడుపులోకి వెళ్లిన పాలు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మా వృత్తిలో అది సామెత కాదు, శరీరధర్మం. బిడ్డ ఎంత లాగితే తల్లి ఒంట్లో అంత పాలు తయారవుతాయి.

హేమలతను పిల్లల డాక్టరు నా గదికి పంపింది ఒక వాన పొద్దున. ఆమె తెనాలి వైపు నుంచి వచ్చి స్థిరపడిన డబ్బింగ్ ఆర్టిస్టు. తెలుగు రాని హీరోయిన్లకు తెలుగు మాటలు చెబుతుంది. చంకలో నాలుగు నెలలు నిండబోతున్న ఆడపిల్ల. వెనకాలే అత్తగారు ధనమ్మ. ఎన్నో తరాలుగా ఈ ఊళ్లోనే ఉంటున్న తెలుగు కుటుంబం వాళ్లది.

బిడ్డ మూడు నెలలూ తల్లిపాల మీదే చక్కగా పెరిగింది. హేమ మళ్లీ డబ్బింగుకు వెళ్లడం మొదలుపెట్టాక పాలు తగ్గాయి, బిడ్డ బరువు పెరగడం ఆగిపోయింది. రెండు వారాల్లో బరువు పెరగకపోతే డబ్బా పాలు మొదలుపెడదామని డాక్టరు చెప్పారు. డబ్బా పాలు పాపమేమీ కాదు. అవసరమైన బిడ్డకు నేనే కలిపి ఉగ్గుగిన్నెతో పట్టాను. కానీ కారణం తెలియకుండా ఓడిపోవడం నాకు గిట్టదు.

కారణం ధనమ్మకు అప్పటికే తెలుసు. "పొద్దున లేస్తే స్టూడియో, స్టూడియో. ఆడ గొంతు చించుకుంటే ఈడ పాలు యాడ్నించి వస్తాయి సిస్టరూ? బిడ్డ పావం, ఎట్టా వాడిపోయిందో చూడు. సుమ్మా, ఊరికే ఇంట్లో ఉండమని మీరైనా చెప్పండి" అంది. కోడలికి పాలు పడాలని రోజూ సొరచేపను ఉడికించి పొడిగా వేయించిన పుట్టు, వెల్లుల్లి చారు ఆమే స్వయంగా చేసి పెడుతోంది. ప్రేమ లేక అన్న మాట కాదది. అయినా నాకు ఒళ్లు మండింది. పాలు తగ్గాయంటే చాలు, ఆడదాని ఉద్యోగాన్ని దొంగను పట్టుకున్నట్టు పట్టుకుంటారు.

హేమ గొంతు తగ్గించి చెప్పింది. "ఈ పిక్చర్లో హీరోయిన్‌కి సగం చెప్పేశాను సిస్టర్. ఇప్పుడు మానేస్తే మొదట్నించీ వేరేవాళ్ల చేత చెప్పిస్తారు. ఆ అమ్మాయి తర్వాతి సినిమాలన్నిటికీ ఆ గొంతే ఖాయమైపోతుంది. నన్నింక పిలవరు." చెబుతూ బిడ్డ తల నిమురుతోంది. రెండు వారాల తర్వాత ఏదో ఒకటి పోతుందని ఆమె అప్పటికే నిశ్చయించుకున్నట్టు కనబడింది.

చూడాల్సినవన్నీ చూశాను. బిడ్డ పట్టు బాగుంది. మొదట నాలుగు గుటకలు గట్టిగా వినబడ్డాయి, తర్వాత ఊరికే చప్పరింపు. తూచి చూస్తే తేడా అంతంత మాత్రమే. స్టూడియోలో విరామం దొరికినప్పుడల్లా పంపుతో పాలు తీసి, ఐసు వేసిన ఫ్లాస్కులో పెట్టి తెస్తోంది. ఆ పంపు కూడా తెప్పించి పరీక్షించాను, లోపం లేదు. థైరాయిడ్ వగైరా డాక్టరు ముందే చూశారు. మందులు ఏమైనా వాడుతున్నావా అని అడిగితే, ఏమీ లేదంది. ఇంకోలా మార్చి అడిగినా అదే జవాబు. ఇక మిగిలింది విరామాలు పెంచి, ఎక్కువసార్లు పాలు తియ్యమని చెప్పడమే. చెప్పి పంపాను.

రెండు రోజులు కుండపోత కురిసి వీధుల్లో నీళ్లు నిలవడంతో రికార్డింగులు ఆగిపోయాయి. ఆ తర్వాత హేమ వచ్చేసరికి పాలు కొంచెం మెరుగయ్యాయి. ధనమ్మ విజయం సాధించిన ముఖంతో, "నేను చెప్పలా? ఇంట్లో ఉంటే పాలు వచ్చినాయి కదా" అంది. మర్నాడు హేమ స్టూడియోకు వెళ్లొచ్చింది, పాలు మళ్లీ తగ్గాయి. ధనమ్మ చెప్పింది సగం నిజమని ఒప్పుకోక తప్పలేదు. కారణం స్టూడియోలోనే ఉంది. అయితే ఆ స్టూడియోలో ఏముందో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

కన్సల్టెంటు తల్లి పనిచేసే చోటికి వెళ్లడం మా ఆసుపత్రిలో ఆనవాయితీ కాదు. సూపరింటెండెంటు మేడమ్‌ను అడిగాను. మీ సెలవు రోజున వెళ్లండి, ఆసుపత్రి పేరు మాత్రం తేకండి అన్నారు. అంతకంటే నాకు కావలసింది లేదు.

డబ్బింగ్ థియేటర్ ఒక సందులో, ఇడ్లీ కొట్టు పైన ఉంది. లోపలికి వెళ్లే ముందు హేమ గాజులు తీసి బ్యాగులో వేసింది. గరగరలాడే చీర కట్టుకోకూడదట, కడుపు ఖాళీగా ఉండి గుర్రుమనకూడదట. మైకు అన్నీ పట్టేస్తుందని చెప్పింది. వరండాలో నలుగురైదుగురు ఆర్టిస్టులు తమ వంతు కోసం కూర్చుని వేణ్నీళ్లు తాగుతున్నారు. ఒకావిడ బ్యాగులోంచి బిళ్లల అట్ట తీసి, తనొకటి వేసుకుని పక్కవాళ్లకు అందించింది. పెళ్లిలో తాంబూలం పళ్లెం తిరిగినట్టు అట్ట చేతులు మారింది. హేమ కూడా ఒకటి నొక్కి తీసి నోట్లో వేసుకుని, వేణ్నీళ్లు తాగి లేచింది.

అదేమిటని అడిగాను. "జలుబు బిళ్ల సిస్టర్" అంది మామూలుగా. మందులేవీ వాడట్లేదన్నావు కదా అన్నాను. ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఇది మందేంటి సిస్టర్? జలుబు చేస్తే కదా మందు! నాకు జలుబు లేదుగా. మాట ముక్కులోంచి రాకుండా అందరం వేసుకుంటాం."

ఆ జవాబులో అబద్ధం లేదు. ఒంట్లో బాగాలేనప్పుడు వేసుకునేది మందు. పనికి ముందు వేసుకునేది పనిముట్టు. గాజులు తీసినట్టే అదీ. ఆ బిళ్ల గురించి నాకు చెప్పాలని ఆమెకు తట్టే అవకాశమే లేదు.

అట్ట అందుకుని వెనక అచ్చువేసిన పేర్లు చదివాను. జలుబు బిళ్లలన్నీ ఒకటి కావు. కొన్ని రకాలు ముక్కును ఆరబెట్టడంతో ఊరుకోవు, కొందరు తల్లుల్లో పాలనూ తగ్గిస్తాయి. ఇది ఆ రకమే. నాకు కలిగిన సంతోషం దాచుకోను. అక్కడే వరండాలో గట్టిగా చప్పట్లు కొట్టాలనిపించింది. కానీ ఆపమని చెప్పే అధికారం డాక్టరుది. అక్కణ్నుంచే ఫోన్ చేసి అట్ట మీదున్నది చదివి వినిపించాను. వెంటనే ఆపించండి, ఉప్పునీటి చుక్కలూ ఆవిరీ చాలు అన్నారు డాక్టరు.

హేమ ముఖంలో సంతోషం ఎంతోసేపు నిలవలేదు. జలుబు లేకపోయినా వానాకాలమంతా ఆమెకు ముక్కు పట్టేసే ఉంటుంది. బిళ్ల లేకపోతే ఆ హీరోయిన్ గొంతు ముక్కుతో పలుకుతుంది. ఉద్యోగం మానకుండానే ఉద్యోగం పోయేలా ఉందని నాకు అప్పుడు అర్థమైంది. నేను తేల్చింది సగమే.

మిగతా సగం డబ్బింగ్ ఇన్‌ఛార్జి మూర్తిగారికి చెప్పక తప్పలేదు. ఎవరి చేత ఏ సీను ఎప్పుడు చెప్పించాలో నిర్ణయించేది ఆయనే. పాలు, పంపు అనే మాటలు వినగానే నేల చూపులు చూశారు. నేను మాత్రం వార్డులో రౌండ్స్‌కొచ్చిన డాక్టరుకు చెప్పినట్టే వరసగా చెప్పేశాను. అంతా విని, సీన్ల కాగితాలు తిరగేసి, "రిలీజు దగ్గర పడిందమ్మా, ఆపడానికి లేదు" అన్నారు. హేమ తల వంచుకుంది. ఆయన ఇంకా కాగితాలు తిరగేస్తూనే, "ఏడుపు సీన్లు ముందు లాగేద్దాం. ఏడిచేటప్పుడు ముక్కు పట్టుంటేనే బాగుంటుంది. తండ్రి చచ్చిపోయేదుంది, పెళ్లి ఆగిపోయేదుంది. ఈ వారానికి సరిపోతాయి" అన్నారు. హేమ పకపకా నవ్వింది. ఆమె నవ్వు వినడం నాకు అదే మొదటిసారి.

ఆ వారమంతా హేమ స్టూడియోలో ఏడ్చింది. విరామాల్లో ఆవిరి పట్టింది, పాలు తీసింది. ఇంటికి రాగానే బిడ్డను ఒళ్లోంచి దింపకుండా పాలిచ్చింది. గడువు రోజున త్రాసు మీద పెడితే బిడ్డ బరువు పెరిగింది. డాక్టరు త్రాసు వైపు చూసి, నావైపు చూసి, డబ్బా పాల మాట ఎత్తలేదు. ధనమ్మ మాత్రం, "సొరపుట్టు ఊరికే పోతుందా? నేను విడవకుండా పెట్టినాను" అంది. నేను కాదనలేదు. బాలింతకు ఇంట్లో ఒకరు వండిపెట్టడం కూడా వైద్యమే.

అన్నీ కలిసొచ్చాయని చెప్పను. ఆ నెలలోనే హేమకు ఇంకో సినిమాలో గలగలా నవ్వుతూ తిరిగే అల్లరిపిల్ల వేషానికి గొంతు ఇవ్వమని పిలుపొచ్చింది. ముక్కు పట్టేసి ఉండటంతో అది వేరొకరికి పోయింది. దాని గురించి ఆమె బాధపడింది, నా దగ్గర కాస్త కన్నీళ్లు కూడా పెట్టుకుంది. కానీ మిగతా సీన్లు ఆవిరికి ముక్కు తెరుచుకున్న పూటల్లో చెప్పి, మొదటి హీరోయిన్ గొంతు తన చేతిలోనే ఉంచుకుంది. బిడ్డ ఏడాది దాటేదాకా తల్లిపాలు తాగింది.

ఆ తర్వాత నేను తల్లులను మందులు వాడుతున్నావా అని అడిగి ఊరుకోలేదు. ఇంటి గడప దాటిన దగ్గర్నుంచి తిరిగొచ్చేదాకా ఏం తింటావు, ఏం తాగుతావు, ఏం మింగుతావు, పక్కవాళ్లు ఏం చేస్తే నువ్వూ చేస్తావు అని అడిగాను. పురసవాక్కం బట్టల కొట్లో పనిచేసే ఒక అమ్మాయి, కౌంటరు వదిలి బాత్రూముకు వెళ్లనివ్వరని పాలు తియ్యడమే మానేసి, రొమ్ములు బిగిసి నొప్పి పుడితే ఓర్చుకుంటున్నానని ఆ ప్రశ్నకే చెప్పింది. ఆమె ఇంట్లోవాళ్లూ అప్పటికే ఉద్యోగం మాన్పించాలని చూస్తున్నారు. పని మానెయ్యమని ఎవరైనా చెప్పగలరు. పనిలో ఏది మానాలో కనుక్కుని చెప్పడానికే నాకు జీతం ఇచ్చారు.