అత్తగారి ఊరుచూపులు

మా అత్తగారు పోయిన నెలలో కన్నుమూశారు. పొద్దున్నే కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, వాకిట్లో కుర్చీలో కూర్చున్నారు. కాసేపటికి పాలప్యాకెట్టు కోసం నేను బయటికి వచ్చేసరికి తల పక్కకి వాలిపోయి ఉంది. పిలిచాను, కదిపాను, మా ఆయన్ని కేకేశాను. డాక్టరు వచ్చి చెప్పేదాకా నేను నమ్మలేదు. ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో మా రైల్వే క్వార్టర్ల వరసంతా చేరి, మంచం పట్టకుండా పోయింది, అదృష్టవంతురాలు అన్నారు. నాకు ఆ మాటకి ఒళ్ళు మండింది. ఆ రోజు ఆవిడకి బోలెడు పని ఉంది. పక్క క్వార్టరు పిన్ని కొడుక్కి బొబ్బిలి వైపు నుంచి సంబంధం వస్తోంది. పిల్లా, పిల్ల తండ్రీ పొద్దుటి బండికి దిగుతున్నారు. వాళ్ళకి ఊరు చూపించాల్సింది మా అత్తగారు. ఆవిడ చూపిస్తే గానీ ఆ సంబంధం నిలవదని పిన్ని దిగులు.

ఈ చూపించడం ఏమిటో చెప్పాలి. మా వాళ్ళంతా తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే వర్క్‌షాపులో పనికి వచ్చినవాళ్ళు. ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగినా కోడలు మాత్రం అటు నుంచే రావాలని పట్టు. అటువాళ్ళకేమో ఇది పరాయి దేశం. జాతకాలు కుదిరేవి, జీతం నచ్చేది, తీరా ఊరి పేరు వినగానే "బెంగాలా? మా పిల్లని అంత దూరం తోల్లేం" అని లేచిపోయేవారు. అలా మా వరసలో పెళ్ళికాని మగపిల్లలు పోగుపడ్డ రోజుల్లో మా అత్తగారు ఒక పద్ధతి పెట్టారు. ఆడపెళ్ళివారు వస్తే ముందు ఊరు చూడాలి, తర్వాతే పిల్లాణ్ణి చూడాలి. పొద్దున దిగినవాళ్ళు సాయంత్రం బండి ఎక్కేలోగా ఊరంతా చూసెయ్యాలి. దానికి ఊరుచూపులు అని పేరు కూడా ఆవిడే పెట్టారు.

"పిల్లాణ్ణి సూసి ఏటి సేస్తావమ్మా? ఆడు డ్యూటీకి పోతాడు. రోజంతా నీతో ఉండేది ఊరు" అనేవారు.

నాకూ జరిగాయి ఊరుచూపులు. మాది విజయనగరం. మా నాన్న మొదట్నుంచీ ఈ సంబంధానికి విముఖుడు. పిల్ల డిగ్రీ చదివింది, పోయి పోయి ఆ పొగలో పడుతుందా అని రైల్లో దారి పొడుగునా సణుగుతూనే ఉన్నాడు. దిగి ఇంటికి వచ్చామో లేదో, మా అత్తగారు మంచినీళ్ళిచ్చి, నన్ను చెయ్యి పట్టుకుని తిన్నగా వంటింట్లోకి తీసుకుపోయారు. మురిపెంగా ఏ వెండి సామానో చూపిస్తారనుకున్నాను. ఆవిడ వేలెత్తి పైకప్పు చూపించారు.

"ఇదిగో, వానొస్తే ఇక్కడ కారద్ది. ఇక్కడో గిన్నె, అక్కడో బకెట్టు ఎట్టాల. రైల్వేవోళ్ళకి ఎన్నిసార్లు సెప్పినా ఇంతే. ముందే సెప్పీసినాను, మరి నన్నడక్కు."

లోపాలు తను కనిపెట్టి బయటపెట్టాలని వచ్చిన మా నాన్నకి ఆ అవకాశమే లేకుండా చేసేశారావిడ. దాచిపెట్టి తెచ్చుకున్న కోడలు దాచిపెట్టి ఏడుస్తుందని ఆవిడ భయం. ఆ మాట నాతో తర్వాత చాలాసార్లు అన్నారు.

అక్కణ్ణుంచి వర్క్‌షాపు గేటు. అప్పట్లో రిక్షా, ఈ మధ్య బ్యాటరీతో నడిచే టోటో. సరిగ్గా షిఫ్టు సైరన్ వేళకే తీసుకెళ్ళేవారు. సైరన్ మోగుతుంటే రోడ్డు నిండా సైకిళ్ళు. తెలుగువాళ్ళు, బెంగాలీలు, ఒడియావాళ్ళు, బీహారువాళ్ళు, భుజాలు రాసుకుంటూ లోపలికి పోతుంటే ఆవిడ పైటచెంగు సర్దుకుని నిలబడేవారు. "మీ ఊళ్ళో గుడికి గాలిగోపురం ఉంటాది గదా, మా ఊరికి ఇదే. మీరు ఒచ్చిన రైలుంది సూడు, అలాటి బళ్ళు ఈళ్ళ సేతుల్లో బాగుపడి పోతాయి" అన్నారు నాతో. ఆ గొంతులో గర్వం చూసి నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు మా ఆయన సైకిలు ఆ గేట్లోకి వెళ్తుంటే నాకూ అలాగే ఉంటుంది.

గోల్‌బజార్‌లో ఆవిడ తంత్రం వేరు. సాలువా పక్క పల్లెనుంచి కూరలు తెచ్చి అమ్మే ఒకతన్ని అందరూ దాదా, అంటే అన్నా, అని పిలుస్తారు. అచ్చమైన బెంగాలీ. ఆవిడ నన్ను అతని ముందు నిలబెట్టి పక్కకి తప్పుకున్నారు. నేను వచ్చీరాని హిందీలో ధర అడుగుతుంటే అతను నన్ను ఎగాదిగా చూసి, "ఏటమ్మా, కొత్తగా ఒచ్చినావా? వంకాయలు నేతగున్నాయి, అట్టుకెళ్ళు" అన్నాడు. మా నాన్న అదిరిపడ్డాడు. మా అత్తగారు, ఆవిడకంటే ముందు వచ్చిన కోడళ్ళూ బేరమాడీ బేరమాడీ అతనికి ఆ భాష వచ్చేసింది. పిల్ల ఇక్కడ ఎవరితో మాట్లాడుతుందని రైల్లో పదేపదే అన్న మాట మా నాన్న మళ్ళీ ఎత్తలేదు.

తర్వాత హిజ్లీ. స్వాతంత్ర్యం కోసం పోరాడినవాళ్ళని బంధించిన పాత భవనం అది. నిరాయుధులైన ఖైదీల మీద కాల్పులు జరిగి ఇద్దరు చనిపోయిన చోటు. దారంతా గలగలా మాట్లాడిన మనిషి అక్కడ గొంతు తగ్గించేశారు. చెప్పులు బయట విడిచి, కొంగు భుజం మీదుగా కప్పుకుని, చేతులు కట్టుకుని కాసేపు నిలబడ్డారు. గుడికి కూడా ఆవిడ అంత నిశ్శబ్దంగా వెళ్ళగా నేను చూడలేదు. "పెళ్ళి మాటలకి ఒచ్చి ఇక్కడికెందుకండీ" అని ఎవరో ఒకసారి విసుక్కుంటే, "ఈ ఊర్లో కాపరం సెయ్యాలంటే ఈ ఊరు ఏటి సూసిందో తెలవాల" అన్నారు. ఆవిడ చదివింది ఐదో తరగతి. ఆ మాటలో నాకు చదువుతో పనేమీ కనబడలేదు, అభిమానం కనబడింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇందా అనే పేటలో జాకెట్లు కుట్టే దీదీ దగ్గరికి తీసుకెళ్ళేవారు. సంబంధం ఇంకా ఖాయం కాకుండానే కొలతలు తీయించేవారు! నాకూ తీయించారు. "అవసరం నేకపోతే ఒగ్గేద్దుం, కొలతలకేటి డబ్బులా" అని ఒకటే నవ్వు. దీదీ టేపు పట్టుకుని నా భుజాలు కొలుస్తుంటే, ఈ ఊళ్ళో నాకొక చోటు కేటాయించేస్తున్నట్టుగా అనిపించి సిగ్గేసింది.

చిట్టచివర రైల్వే ప్లాట్‌ఫాం. ప్రపంచంలోకెల్లా పొడుగైనదని అప్పట్లో ఊరంతా మురిసిపోయేవాళ్ళు. అందరూ దిగగానే చూపించే దాన్ని ఆవిడ ఆఖరున, నడిపించి చూపించేవారు. సగం దూరం వెళ్ళాక బెంచీ మీద కూలబడి తన పెళ్ళి కథ మొదలుపెట్టేవారు. ఆవిడ పలాస నుంచి కొత్తకోడలిగా వచ్చినప్పుడు చివరి పెట్టెలో ఎక్కారట. పెళ్ళవగానే డ్యూటీలకని ముందే తిరిగొచ్చేసిన మగపెళ్ళివారు బ్యాండుతో సహా ఇక్కడ ఇంజను వైపు నిలబడ్డారట. దిగినచోట ఎవరూ లేరు. అటునుంచి బ్యాండు మాత్రం వినబడుతోంది. ఈ ప్లాట్‌ఫాంకి ఆ చివరా ఈ చివరా నిలబడితే మనుషులు కనబడరని వాళ్ళకి తెలియదా అంటే, ఊరివాళ్ళకే ఎక్కువగా జరుగుతుంది ఆ పొరపాటు. ఆవిడ బాసికం కట్టుకున్న నుదుటితో, తోడొచ్చిన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని, బ్యాండు చప్పుడు పట్టుకుని నడిచారు. కూలీలు, టీ అమ్మేవాళ్ళు సామాను తలా ఒకటి అందుకుని కూడా వచ్చారట.

"అత్తోరింటికి నన్నెవులూ తీసుకెళ్ళనేదు. నానే నడుసుకుని ఒచ్చినాను. అందుకే ఈ ఊరు నాది" అన్నారు.

నేను అప్పటికి పెళ్ళికొడుకుని సరిగా చూడనేలేదు. వెనకాల మంచినీళ్ళ సీసా పట్టుకుని వస్తున్నది ఆయనేనని తెలుసంతే. రైలెక్కగానే నాన్నతో సరే అన్నాను. తర్వాత్తర్వాత వేరే ఊళ్ళు మా ప్లాట్‌ఫాంని మించినవి కట్టుకున్నాయి. ఆ వార్త విన్నరోజు మా ఆయన ముద్ద దిగనట్టు కూర్చుంటే, "పొడుగు పోతే పోనీరా. దిగినోళ్ళు ఉండిపోయినారు గదా" అని ఆవిడే మజ్జిగ పోశారు.

ఆ రోజు సంగతికి వస్తాను. పిన్ని ఏడుస్తూనే బొబ్బిలివాళ్ళకి ఫోన్ చేసింది, రావద్దని చెప్పడానికి. వాళ్ళు అప్పటికే బాలాసోర్ దాటేశారు. స్టేషను నుంచి తిన్నగా మా వాకిట్లోకే వచ్చారు పాపం. మంచి పనికి బయల్దేరి చావింటికి వచ్చామని పిల్ల తండ్రి మొహం మాడిపోయింది. సాయంత్రం దాకా వెయిటింగ్ రూంలో కూర్చుందాం పదమన్నాడు. ఆ పిల్ల కదల్లేదు. పిన్ని వాళ్ళ గేటు దగ్గర స్తంభాన్ని ఆనుకుని నిలబడిపోయింది. ఆ సంబంధం ఇక పోయినట్టేనని మేమంతా అనుకున్నాం. ఆవిడ చేయిదాటిన మొదటి సంబంధం ఇదే అవుతుందని నాకు దుఃఖంలో దుఃఖం.

వర్క్‌షాపు నుంచి మధ్యాహ్నం విరామంలో గుంపులుగా వచ్చారు, చేతులకి గ్రీజుతోనే. కూరల దాదా దుకాణం కట్టేసి వచ్చి, ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడి, తెలుగులోనే ఏడ్చాడు. వెనక వీధిలో చర్చికి వెళ్ళే మన తెలుగువాళ్ళు కుర్చీలు, మంచినీళ్ళ డ్రమ్ము మోసుకొచ్చారు. ఇందా దీదీ మా కోడళ్ళందర్నీ పేరుపేరునా పట్టుకుని ఓదార్చింది. మేమంతా ఒకప్పుడు ఆ దీదీకి కొలతలు ఇచ్చినవాళ్ళమే. చావింట్లో పొయ్యి వెలిగించకూడదు కదా, ఎవరెవరి ఇళ్ళ నుంచో అన్నం, రొట్టెలు, కిచిడీ వచ్చాయి. ఆ బొబ్బిలి పిల్ల ఎప్పుడు కొంగు దోపుకుందో తెలియదు, పిన్ని ఇంట్లో చేర్చిన ఇరుగుపొరుగు చిన్నపిల్లలకి తినిపిస్తూ కనబడింది. పిల్లలు బెంగాలీలో అడుగుతున్నారు, ఆమె తెలుగులో పెడుతోంది.

శ్మశానం నుంచి మగవాళ్ళు తిరిగొచ్చి స్నానాలు చేశాక, పిన్ని బొబ్బిలివాళ్ళని బండెక్కించి వచ్చింది. నేను గడపలో కూర్చుని ఉన్నాను.

"ఏటన్నారు పిన్నీ?" అని అడిగాను.

"ఆ తండ్రి మూతి ముడుసుకునే ఉన్నాడే. రేపో మాపో ఇంకోసారి ఒచ్చి ఊరు సూసుకోండి అని నానే అన్నాను. ఆ పిల్ల కిటికీలోంచి నా సెయ్యట్టుకుని, 'మరి ఒచ్చేది సూడ్డానికి కాదత్తా, ఊరు సూసీసినాను' అంది."

అని పిన్ని నా పక్కనే కూలబడి భోరుమంది. బయట వీధి దీపం వెలిగింది. మధ్యాహ్నం నుంచీ మా గోడ పొడుగునా ఒకదానిమీద ఒకటి వాల్చిన సైకిళ్ళు ఇంకా అలాగే ఉన్నాయి. వర్క్‌షాపు వాళ్ళు వాటి మధ్య వంగి, బెల్లులు మోగకుండా అరచేత్తో మూసి పట్టుకుని, ఎవరి సైకిలు వాళ్ళు మెల్లగా విడదీసుకుంటున్నారు.