రూమ్ పన్నెండు కోసం నలభై మూడు ఆమెన్‌లు

మా కృపావతక్కది గుంటూరు. ఇప్పుడు ఐర్లాండ్‌లో, డబ్లిన్ శివారు టాలట్‌లో ఒక నర్సింగ్ హోమ్‌లో కేరర్. రోజంతా పెద్దవాళ్లకి స్నానాలు చేయించి, తలలు దువ్వి, సాయంత్రం లువాస్ ట్రామ్ ఎక్కగానే మా సంఘం ప్రార్థన గ్రూపులో వాయిస్ మెసేజ్ పెడుతుంది. పేరు, రూము నంబరు, జబ్బు, వేసుకునే మాత్రలు, ఒక్కటీ వదలదు. పేరు పెట్టి అడిగితేనే ప్రార్థనకి బలమని మావాళ్ల నమ్మకం. నాదీ అదే. అందుకే ఆమె చెప్పిందంతా టైపు చేసి మా సంఘం ఫేస్‌బుక్ పేజీలో పెట్టేదాన్ని.

ఆ వారం నోరా గారి వంతు. రూమ్ పన్నెండు, ఎనభై ఒక్కేళ్లు, రొమ్ములో గడ్డ. హోమ్ పేరు కూడా రాశాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. నలభై మూడు ఆమెన్‌లు వచ్చాయని మురిసిపోయాను.

కార్క్ నగరంలో ఉండే నోరా గారి కొడుకు ఆ హోమ్ పేరు వెతుకుతుంటే మా పోస్టు కనబడింది. అనువాదం బటన్ నొక్కాడు. తల్లి తనకి చెప్పకుండా దాచిన జబ్బు గురించి మా దగ్గర తెలుసుకున్నాడు. వెంటనే ఫిర్యాదు పెట్టాడు.

విచారణ అయ్యేదాకా డ్యూటీకి రావద్దని మేనేజర్ అక్కకి చెప్పింది. ఆ ఉద్యోగం పోతే ఇక్కడ ఉండే పర్మిట్టూ పోయేలా ఉంది.

"దేవుడికి చెప్పుకున్నా తప్పేనటే ప్రిస్కిల్లా!" అని మా ఇంటికొచ్చి నామీద విరుచుకుపడింది.

"నువ్వు దేవుడికి చెప్పావక్కా. ఊరికి చెప్పింది నేను" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. పోస్టు తీసేసి, తప్పు నాదేనని మేనేజర్‌కి ఉత్తరం రాశాను.

కానీ అక్కని కాపాడింది నా ఉత్తరం కాదు. ఆమెని తీసేయొద్దని నోరా గారే పట్టుబట్టారు. హోమ్ వాళ్లు హెచ్చరికతో వదిలేశారు.

మళ్లీ డ్యూటీకెళ్లిన రోజు అక్క భయపడుతూ రూమ్ పన్నెండులోకి వెళ్లింది. నోరా గారు కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు.

"మావాడి పుట్టినరోజు అయ్యాక నేనే చెప్దామనుకున్నాను" అన్నారు. "అది నేను చెప్పుకోవాల్సిన కబురు."

అక్క ఏడ్చింది. ఆ మాట అక్క నాకు చెప్తుంటే నాకూ ఏడుపొచ్చింది.

ఇప్పుడు గ్రూపులో అక్క మెసేజ్ మూడు ముక్కలే: "ఒకామెకి బాగోలేదు. ప్రార్థించండి." ఎవరు, ఏం జబ్బు అని ఆరాలు తీస్తే, "ఆయనకి తెలుసులే, మీకెందుకు?" అని కసురుతుంది.

నిన్న తల దువ్వుతుంటే నోరా గారు అడిగారట, నా కోసం ఇంకా ప్రార్థన చేస్తున్నావా అని.

"చేస్తున్నాను" అందట అక్క. "మీ పేరు మాత్రం ఆయన ఒక్కడికే చెప్పాను."