కర్నూలు ఎండను కొలిచిన రోజు

కడపలో మా కళాశాల ప్రయోగశాల కిటికీలకు ఈ వేసవిలోనూ తడి గోనెపట్టాలు కట్టారు. వడగాలి వాటిని దాటి లోపలికి వచ్చినప్పుడల్లా, నీళ్ళూ జనుమూ కలిసిన ఆ వాసనకు మా మస్తాన్ సార్ గుర్తొస్తారు. ఆయనది వేంపల్లె. కర్నూలులో నా పరిశోధనకు గురువు. ఆయన పోయి ఏడాది కావస్తోంది. మొన్న కొత్తగా చేరిన లెక్చరర్ ఒకాయన టీ తాగుతూ, "మీ పేపర్ తొక్కేసింది ఆ సారేనంట కదన్నా?" అన్నాడు. ఆ మాట పుట్టింది నా నోటి నుంచే. అందుకే ఇది రాస్తున్నాను.

మేము కొలిచేది ఉత్తేజిత కేంద్రకాల ఆయుష్షు. పరమాణు కేంద్రకం ఒక్కోసారి అదనపు శక్తితో రెప్పపాటులో వెయ్యోవంతుకన్నా తక్కువసేపు నిలిచి, గామా కిరణం విడిచి నెమ్మదిస్తుంది. ఆ స్థితి మొదలైందని చెప్పే కిరణాన్ని ఒక డిటెక్టర్, ముగిసిందని చెప్పే కిరణాన్ని మరొకటి పట్టుకుంటాయి. ఆ రెంటి నడుమ ఎడాన్ని బట్టే ఆయుష్షు తెలుస్తుంది. అయితే తీగలూ యంత్రాలూ తమ వంతు ఆలస్యం కలుపుతాయి. అదెంతో తెలియాలంటే, రెండు కిరణాలను దాదాపు ఒకేసారి విడిచే కోబాల్టును పెట్టి చూసి, ఆ ఆలస్యాన్ని తీసేయాలి.

ఒక మే నెలలో నాకు, అంతకుముందు అందరికీ వచ్చినదానికన్నా బాగా ఎక్కువ ఆయుష్షు వచ్చింది. ఆ సంబరంలో కోడుమూరులోని మా నాయనకు ఫోన్ చేశాను. ఆయన వీధంతా మైసూర్‌పాక్ పంచాడు. మర్నాడు గ్రాఫు పట్టుకుని సార్ దగ్గరికి పోతే, ఆయన దాన్ని వదిలేసి కిటికీ పట్టా తడి ఆరిందేమోనని వేలితో తడిమి చూశారు.

"కోబాల్టు ఎప్పుడు పెట్టినావప్పా?"

"నిన్న పొద్దున్నే సార్."

"శాంపిలు?"

"మధ్యాహ్నం."

"కరెంటు పోయి ఏసీ ఆగింది అప్పుడే కదా?"

"యంత్రాలు బ్యాటరీ మీద నడిచాయి సార్."

"నడిచినాయి. ఉడికినాయి కూడా. నువ్వు కొలిచింది కేంద్రకాన్ని కాదు నాయనా, కర్నూలు ఎండను!" అని పకపకా నవ్వారు.

పొద్దుటి చల్లదనంలో చూసిన యంత్రాల ఆలస్యం మధ్యాహ్నపు వేడికి పెరిగింది; ఆ పెరిగినదే నాకు ఆయుష్షులా కనిపించింది. ఇద్దరం కలిసి కోబాల్టునూ శాంపిలునూ మార్చి మార్చి పెట్టి మళ్ళీ కొలిచాం. నా గొప్ప ఆయుష్షు కరిగిపోయింది. "పోనీలేప్పా, ఎండ ఎవరినైనా ఏమారుస్తాది. నేను శానాసార్లు మోసపోయినా" అన్నారు సార్.

మిఠాయి పంచిన మనిషికి ఏం చెప్పను? సార్ ఓర్వలేక నా పరిశోధన పేపర్ అచ్చుకు పోకుండా ఆపేశాడని చెప్పాను. స్నేహితులకూ అదే చెప్పాను. ఆ మాట టీకొట్ల మీదుగా యూనివర్సిటీ అంతా తిరిగింది. సార్ దగ్గర పరిశోధనకు చేరేవాళ్ళు తగ్గిపోయారు. ఒకరోజు నన్ను చూడవచ్చిన నాయన, వరండాలో సార్ ఎదురైతే మొహం మీదే అడిగేశాడు: "మావోని పేపరు ఎందుకు ఆపినారు సారూ?"

సార్ నా వైపు ఒకసారి చూశారు. "ఇంకొంచెం పని ఉండాదప్పా దాంట్లో. మీవాడు చేస్తాండాడు" అన్నారు.

నేను తల దించుకున్నాను.

మొన్న ఆ లెక్చరర్‌తో, "తొక్కేయలేదబ్బా. నేను తప్పు కొలిచినా" అన్నాను. ఆయన నమ్మినట్టు లేదు. మా విద్యార్థులు ఇప్పుడు శాంపిలుకు ముందూ వెనకా కోబాల్టు పెడతారు. నాకు మాత్రం, ఎవరి మీదైనా కోపంతో ఒక మాట నోటిదాకా వచ్చినప్పుడు, తడి పట్టా పక్కన నిలబడి ఆయన అడుగుతున్నట్టే ఉంటుంది: "కోబాల్టు ఎప్పుడు పెట్టినావప్పా?"