వేణుకు వినిపించని ఈల

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచెలంటారు. వేణు తండ్రి చంద్రయ్య బతుకంతా సాంచెల మీదే గడిచింది. వేణు కూడా పదో తరగతి తప్పాక తండ్రి పనిచేసే షెడ్డులోనే చేరి, పెళ్లయి బిడ్డ నీల పుట్టిన తర్వాత కూడా అక్కడే చేశాడు. ఆ రొదలో పక్క మనిషితో మాట్లాడాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. ఇంటికొచ్చినా అదే గొంతు. కొత్తవాళ్లు ఆ ఇంటి ముందు నుంచి పోతే లోపల కొట్లాట జరుగుతోందనుకునేవారు.

గిరాకీ పడిపోయి షెడ్డు మూతపడ్డాక, వేణు ఇంటిల్లిపాదితో జగిత్యాలకు వచ్చి జావేద్ దుకాణంలో పనికి కుదిరాడు. జావేద్ ఆఫీసులకు ఇంటర్నెట్ ఫోన్లు పెట్టిస్తాడు. కంప్యూటర్‌కు వచ్చే నెట్ వైరే ఫోన్‌కూ వస్తుంది, ఒక్కో టేబుల్‌కు ఒక్కో చిన్న నంబరు ఉంటుంది. వైర్లు లాగడం, నంబర్లు ఎక్కించడం, చివరికి ఫోన్ ఎత్తి మాట సాఫుగా వస్తోందో లేదో చూడడం వేణు పని. తెగిన పోగులు ముడివేసిన చేతులు కాబట్టి సన్నని రంగు తీగలు వాటికి తొందరగానే లొంగాయి.

ఒకరోజు కోరుట్లలో గల్ఫ్ టికెట్లు చేసే ఆఫీసు నుంచి ఫిర్యాదు వచ్చింది. వేణు బస్సెక్కి వెళ్లాడు. ఫోన్ దగ్గర కూర్చునే హేమలత రిసీవర్ చేతికిచ్చింది.

“ఎత్తితే చాలు, సన్నగ ఈల లెక్క ఒస్తుందన్నా. అవుతలోళ్ల మాట ఇననిస్తలేదు.”

వేణు దుకాణానికి ఫోన్ కలిపి జావేద్‌తో మాట్లాడాడు. “మంచిగనే ఉన్నది గద,” అన్నాడు హేమలతతో.

ఆమె తీసుకుని విన్నది. “ఉన్నదన్నా. గిదిగో.”

వేణు రెండో చెవికి పెట్టుకున్నాడు. జావేద్ గొంతు తప్ప ఇంకేమీ లేదు.

“నాకైతే ఏం ఇనొస్తలేదు.”

“గంత పెద్దగ ఒస్తుంటే?”

పక్క టేబుల్ మనీషా లేచి వచ్చి చెవికి ఆనించుకుంది. ఆనించుకున్నంతలోనే మొహం చిట్లించి రిసీవర్ కింద పెట్టింది. ఇద్దరూ వేణు వైపు చూశారు. అతను తల దించుకుని వైరు మార్చాడు.

“ఇప్పుడు?”

“ఉన్నది.”

వైరు గుచ్చే చోటు మార్చాడు. అయినా ఉందన్నది. చివరికి ఫోన్‌కు కరెంటు ఇచ్చే అడాప్టర్ తీసి కొత్తది పెట్టాడు.

“పోయింది,” అంది హేమలత.

చాయ్ తెప్పించారు. వేణు తాగాడు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. భయపడాల్సిన సంగతే అనిపించింది, కానీ భయమేమీ కలగలేదు. జగిత్యాల వచ్చిందని కండక్టర్ భుజం తడితే లేచాడు.

ఆ వారంలోనే కరీంనగర్ పోయి చెవులు చూపించుకున్నాడు. చిన్న గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినిపిస్తే మీట నొక్కమన్నారు. చాలాసేపు నొక్కే పని పడలేదు. బయటికొచ్చాక డాక్టరమ్మ, “సాంచెల మీద చేసినవా?” అని అడిగింది. తలూపాడు. సన్నని చప్పుళ్లు ఇక తిరిగి రావని, చెవి మిషన్ పెట్టుకుంటే కొంత నయమని చెప్పింది. వేణు సరే అన్నాడు.

ఇంట్లో అన్నం తినేటప్పుడు ఆ మాట చెప్పాడు. భార్య అనురాధ చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. చంద్రయ్యకు ఒకటికి రెండుసార్లు అరిచి చెప్పాల్సి వచ్చింది.

“సాంచెల కాడ చేసినోనికి గది ఉండేదే,” అన్నాడు ముసలాయన. “నాకు లేదా?” అని పచ్చిపులుసు పోసుకున్నాడు.

మర్నాడు జావేద్‌కు కూడా చెప్పాడు. పని పోతుందనే అనుకున్నాడు. పోతే ఏం చేయాలో ఆలోచన మాత్రం సాగలేదు.

జావేద్ గడ్డం గోక్కున్నాడు. “ఫికర్ చెయ్యకు. వైర్లు నువ్వు లాగు, నంబర్లు నువ్వే ఎక్కియ్యి. ఇనేది మా నాహీద్ ఇంటది,” అన్నాడు. నాహీద్ అతని చెల్లెలు, దుకాణంలో లెక్కలు చూస్తుంది.

అప్పటి నుంచి అట్లాగే నడుస్తోంది. మొన్న బుగ్గారంలో ఒక విత్తనాల దుకాణానికి ఫోన్లు పెట్టాడు. ఒక్కోదాని నుంచి నాహీద్‌కు కలిపాడు.

“వేణన్నా, దీంట్ల గరగర ఉన్నది,” అందామె ఒకదానికి.

వైరు చివర కోసి మళ్లీ బిగించాడు.

“ఇప్పుడు మంచిగున్నది.”

ఓనరు కూడా ఒకసారి విని సరేనన్నాడు. వేణు సామాను సర్దుకుని రోడ్డు మీదికొచ్చి ఆటో కోసం నిలబడ్డాడు.

చెవి మిషన్ కొన్నాడు గానీ, పెట్టుకుంటే ఫ్యాను, గిన్నెలు, బండ్ల హారన్లు అన్నీ ఒక్కసారే మీద పడతాయి. ఇంటికి రాగానే తీసి గూట్లో పెడతాడు. ఆ రాత్రి నీల దాన్ని తెచ్చి అతని ముందు పట్టుకుంది.

“పెట్టుకో బాపూ. ఒర్రి ఒర్రి నా గొంతు నొస్తుంది.”

పెట్టుకున్నాడు. బడిలో కొత్త సారు వచ్చిన సంగతి, తన దోస్తుతో మాటలు బంద్ అయిన సంగతి ఆమె మెల్లగా చెప్పుకొచ్చింది. అన్నీ వినిపించాయి. “అట్లనా,” అన్నాడు. ఆమె చెప్పడం అయ్యేదాకా కూర్చుని, తర్వాత పోయి పడుకున్నాడు.